ఆకాశం వెనక సందు

టీ వడకట్టే జల్లెడతో ఇటుక పొడి జల్లించే ఇల్లాలు లోకంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో ఆమెకి తెలియదు. ఆమె వంటింట్లో మాత్రం శనివారం వచ్చిందంటే ఆ పని తప్పదు. పగిలిన ఇటుక ముక్కని పాత గుడ్డలో మూటగట్టి, సుత్తితో నలగ్గొట్టి, జల్లెడ పట్టి, పలుకులు పారేసి, మరీ పిండిలా దిగినదాన్ని కూడా పారేసి, మధ్యరకాన్ని సీసాలో నింపాలి. అదే ఇనుప ఖనిజం. ఇప్పుడే గనిలోంచి తవ్వి తీసినట్టు ఉండాలి తప్ప ఇటుకలా కనపడకూడదు. పిండిలా ఉంటే ఆయన మొహం చిట్లిస్తాడు, పలుకులుంటే "కొండలు పగలగొట్టి తెచ్చావా?" అంటాడు. జల్లెడ శుభ్రంగా తోమి టీ పెట్టి ఇస్తే, "ఇవాళ టీ మట్టి వాసన వస్తోందేమిటే?" అని అడిగేది కూడా ఆయనే.

ఆయన ఉక్కు మిల్లులో ఇంజన్ డ్రైవరుగా చేశాడు. కొలిమిలో కరిగిన ఇనుముని పెద్ద పెద్ద బానల్లో నింపితే, ఆ బానల బండిని ఒలక్కుండా అవతలి షెడ్డుకి లాక్కెళ్లేవాడు. కొండకీ నదికీ మధ్య ఇరుకు లోయలో ఆ మిల్లు, మిల్లు చుట్టూ క్వార్టర్ల వరసలు, ఆ వరసల్లోనే పుట్టి పెరిగి పెళ్లిళ్లు చేసుకున్న జనం. ఆమె తండ్రీ అక్కడే చేశాడు, ఆయన తండ్రీ అక్కడే చేశాడు. తర్వాత మిల్లు మూతపడింది. పొగగొట్టాలని ఒక్కొక్కటే పడగొడుతుంటే ఆయన వెళ్లి చూసొచ్చి, నెలల తరబడి వరండా కుర్చీలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. ఈ మనిషి ఇక లేవడేమోనని ఆమెకి బెంగ పట్టుకుంది. అలాంటిది ఒకనాడు చెక్కపలకలు మోసుకొచ్చి, పెళ్లయి వెళ్లిపోయిన కూతురి గదిలో పరిచి, "మన లోయ మొత్తం కడతానే, పట్టాలతో సహా" అన్నప్పుడు ఆమెకి ప్రాణం లేచొచ్చింది. కట్టుకోనీ, ఏదో ఒకటి చేసుకోనీ అనుకుంది. ఆ రోజు సంతోషించినందుకు ఇప్పటికీ ఆమె నొచ్చుకోదు.

కట్టాడు. నిజం చెప్పాలంటే ముక్కున వేలేసుకునేంత బాగా కట్టాడు. గోరంత మనుషులు, అగ్గిపెట్టెలంత ఇళ్లు, జానెడు కొలిమి, కొలిమి చుట్టూ మెట్లు, నది మీద ఇనుప వంతెన, వంతెన మీద బొగ్గు బండి. తను నడిపిన ఇంజన్‌కి ఎడంపక్క మెట్టు కాస్త వంకరగా ఉండేదని గుర్తొచ్చి, చిన్న పట్టకారుతో దాన్ని వంచడానికి ఒక పూటంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆ శ్రద్ధ చూస్తుంటే ఆమెకి ముచ్చటేసేది, కడుపూ మండేది. వంటింటి తలుపు గడియ ఊడిపోయి ఏళ్లయింది, దానికి ఇప్పటికీ తాడే గతి. చెట్లు ఆమె చేసింది, పాత స్పాంజి ముక్కలు కత్తిరించి రంగులో ముంచి. నదిలో నీళ్లు ఆమె పోసింది, జిగురు కాచి. ఆకాశం కూడా ఆమే వేసింది. బల్ల వెనక అంచున, గది పొడుగునా నిలబెట్టిన పలచటి చెక్క అది. ఆయన నీలం రంగు డబ్బా తెచ్చిపెడితే, ఆమె అందులో బూడిద రంగూ కాస్త తుప్పు రంగూ కలిపింది. "ఆకాశం నీలంగా కదే ఉండేది?" అన్నాడు ఆయన. "మీకు పట్టాల మీంచి తలెత్తే తీరికెక్కడిది? బట్టలారేసుకునేవాళ్లం, మాకు తెలుసు" అంది. నవ్వి ఊరుకున్నాడు. గదిలోకి వచ్చినవాళ్లు ముందుగా మెచ్చుకునేది ఆ ఆకాశాన్నే. "ఆ రంగు ఎలా పట్టావురా!" అని ఆయన వీపు చరుస్తారు. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఆదివారం ఆదివారం మిల్లు మిత్రులు ముగ్గురు వస్తారు. ఒకాయన కొలిమి మేస్త్రిగా చేశాడు, మొగుడి చెల్లెలి భర్తే కాబట్టి ఆమెకి అన్నయ్య వరస. రెండో ఆయన మిల్లు బండి గార్డు, ముందు పొట్టా వెనక మనిషీ నడుస్తారు. మూడో ఆయన కంట్రోలు రూములో ఫోన్ల దగ్గర పనిచేశాడు, అందరూ ఫోను మాస్టారంటారు. వాళ్లది ఊరికే బండి గిరగిరా తిప్పే ఆట కాదు. పాత టైంటేబులు ప్రకారం నడుపుతారు. గని నుంచి ఖనిజం బండి నిండుగా రావాలి, కొలిమి దగ్గర ఖాళీ అవాలి, ఖాళీ బండి మళ్లీ గనికి పోవాలి. చిక్కేమిటంటే గదిలో గనికి చోటు చాల్లేదు. అందుకని పట్టాలు ఆకాశం అడుగున ఒక కంతలోంచి దూరి వెనక్కి పోతాయి. ఆ వెనక, ఆకాశానికీ గోడకీ మధ్య ఇరుకు సందులో, పొట్టి స్టూలు మీద ఆమె కూర్చుంటుంది. ఖాళీ బండి రాగానే ఒక్కో వ్యాగన్లో చెంచాతో ఇటుక పొడి నింపి, ఇంజన్ విప్పి అటు చివర తగిలించి, మీట నొక్కి పంపాలి. కొలిమి దగ్గర ఒలికిన పొడి బల్ల కింద సొరుగులో పడుతుంది. రెండు బళ్ల మధ్య ఆమె బల్ల కిందనుంచి పాక్కుంటూ వెళ్లి సొరుగు లాగి ఆ పొడి తెచ్చుకోవాలి. కింద రాలిపోయిందంతా మళ్లీ శనివారం జల్లించాలి. అదే పొడి, అదే బండి, అంట్ల గిన్నెల్లాగే ఎప్పటికీ తెమలని పని. ముందు నిలబడ్డవాళ్లకి మాత్రం ఖాళీగా పోయిన బండి ఎక్కడో కొండలవతల నిండి, దానంతటదే తిరిగొచ్చినట్టుంటుంది. "గని ఇవాళ మంచి ఊపు మీదుంది" అంటాడు కొలిమి అన్నయ్య. బండి కొలిమి చేరినప్పుడల్లా మగవాళ్లు ఒక్కసారిగా "అదీ!" అంటారు. వాళ్లు "అదీ!" అనేవేళకి ఏం చూస్తున్నారో ఆమెకి తెలియదు. ఆ సమయానికి ఆమె బల్ల కింద ఉంటుంది.

మొదట్లో ఫోను మాస్టారు ఆటఫోనులో "గనీ, బండి సిద్ధమా?" అని అడిగితే, ఆమె "ఆఁ, సిద్ధం అన్నయ్యా" అనేది. ఒక ఆదివారం మగవాళ్లు ఘొల్లున నవ్వారు. అందరూ వెళ్లాక ఆయన నెమ్మదిగానే చెప్పాడు. "నువ్వు మాట్లాడితే మజా పోతోందే. ఆ రోజుల్లో గనిలో ఆడగొంతెక్కడిది? గంట కొట్టు, చాలు." మర్నాడే పాత సైకిలు గంట ఒకటి తెచ్చి సందులో బిగించాడు. గంట కొట్టిన మొదటి ఆదివారం ఆమెకి అత్తగారు గుర్తొచ్చింది. "ఇంట్లో ఆడదాని పని కనపడాలి గానీ మనిషి వినపడకూడదమ్మా" అనేది ఆవిడ. చెడ్డదేం కాదు. తన అత్తగారిచ్చిన మాటని భద్రంగా దాచి కోడలి చేతికి అందించింది, అంతే.

స్టూలు మీద కూర్చున్నంతసేపూ ఆమెకి ఆలోచనలే తోడు. మామగారిది రాత్రి షిఫ్టు, మొగుడిది పొద్దుటి షిఫ్టు, మరిదిది మధ్యాహ్నం షిఫ్టు. మిల్లు మూడు షిఫ్టులు నడిస్తే ఇంట్లో పొయ్యీ మూడు షిఫ్టులు నడిచేది. మిల్లులో మూడింటికీ మూడు జతల మనుషులు, పొయ్యి దగ్గర మూడింటికీ ఆమె ఒకత్తే. ఒకరికి కంచం పెట్టి, ఒకరికి డబ్బా కట్టి, ఇంకొకరు పడుకుంటే చంటిపిల్ల ఏడుపుకి నిద్ర చెడుతుందని ఎండలో వీధంతా ఎత్తుకు తిప్పి, కొలిమి నోరు తెరిచే వేళకి మసి పడకుండా బట్టలు పరుగున లోపలికి తెచ్చి... ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. "ఇంట్లోనే కదా ఉంటావు" అన్నారు, అంతే. ఆయన కట్టిన లోయలో ఇంజన్ల నంబర్లున్నాయి, కొలిమికి కొట్టిన మేకులున్నాయి, ఇదేదీ లేదు. "క్వార్టర్ల దగ్గర ఆడవాళ్లని పెట్టరా?" అని ఒకసారి అడిగింది. "బొమ్మల పెట్టెలో మగవాళ్లే వచ్చారే" అన్నాడు. మళ్లీ తనే, "అయినా షిఫ్టు వేళ ఆడవాళ్లు ఇంట్లోనే కదా ఉండేది, బయటికి కనపడరు" అని సర్దిచెప్పాడు.

సందులోంచి అవతలికి చూడాలంటే పట్టాల కంతే దిక్కు. అందులోంచి కనపడేది ఆకాశాన్ని ఆనుకుని ఉన్న ఆఖరి వరస ఇళ్ల వెనక భాగం. ముందువైపు తలుపులూ కిటికీలూ దిద్దిన మనిషి, "వెనక ఎవడు చూస్తాడే" అని అక్కడ ఒట్టి అట్ట వదిలేశాడు. ఆమె చూస్తోంది కదా. అందుకని ఆయన బజారుకెళ్లినప్పుడల్లా కంతలోంచి చెయ్యి దూర్చి, ఆ ఇళ్లకి దొడ్లు కట్టడం మొదలుపెట్టింది. దారప్పోగుతో బట్టలారేసే తీగ, సీసా మూతతో నీళ్ల తొట్టి, బట్టలుతికే రాయి. పెట్టె అడుగున మిగిలిపోయిన మగబొమ్మలకి మైనం చుక్కతో జుట్టుముడి పెట్టి, గుడ్డపీలిక చుట్టింది. గార్డు బొమ్మ ఒకటి, పాపం, టోపీ పోగొట్టుకుని ఇల్లాలైపోయింది. ముందునుంచి చూస్తే ఇవేవీ కనపడవు. కనపడాలని ఆమె కూడా అనుకోలేదు, అక్కడ కూర్చున్నప్పుడు కాస్త మనుషులుంటే బాగుండుననుకుంది.

ఇలా ఉండగా మిల్లు పాత ఆఫీసు భవనాన్ని మ్యూజియం చేస్తున్నారన్న కబురొచ్చింది. ఎవరో చెప్పగా ఆ మ్యూజియం ఆఫీసరు ఒక ఆదివారం బండి చూడ్డానికి వచ్చాడు. ఆకాశం ఇవతల ఆమె చెంచా పట్టుకుని వ్యాగన్లు నింపుతుంటే మాటలన్నీ వినపడుతున్నాయి.

"ఇదంతా మీరొక్కరే చేశారా?"

"ఒక్కడినేనండీ. ఆరేళ్లు పట్టింది."

"ఇంట్లో వాళ్లు విసుక్కోరా?"

"మా ఆవిడ మంచిదండీ. టీలందిస్తుంది, దేనికీ అడ్డం రాదు."

ఆమె చేతిలో చెంచా ఆగింది. ఆగితే బండి ఆలస్యమవుతుంది గనుక మళ్లీ కదిలింది. వ్యాగన్లు నింపి గంట కొట్టింది. "అరె, ఆ గంట కూడా దానంతటదే మోగుతుందా?" అని మురిసిపోయాడు ఆఫీసరు. "అంతా ఒక ఏర్పాటండీ" అన్నాడు ఆయన. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఆ మంటలోనే టీలు పెట్టి తీసుకెళ్లి ఇచ్చింది. ఆఫీసరు చాలా మర్యాదగా, "మీ వారి ప్రతిభకి మీరు గర్వపడాలమ్మా" అన్నాడు.

వచ్చే ఆదివారం కమిటీ వాళ్లని తీసుకొస్తానని, వాళ్లు ఔనంటే దీన్ని మ్యూజియంలో పెట్టేస్తారని చెప్పి వెళ్లాడు. వారమంతా ఆయన కొత్త చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా తిరిగాడు. ఆమెకి మాత్రం మనసులో ఒకటే కోరిక నిలబడిపోయింది. బండి ఈ ఇల్లు దాటిపోకముందు, ఒక్కసారి ముందు కూర్చుని, అది నడుస్తుంటే చూడాలి. శనివారం ఇటుక పొడి సీసాలో పోస్తూ ఆయన చెవిన వేసింది.

"రేపు నేను ముందు కూర్చుంటానండీ."

"అదేమిటి, నువ్వు చూడనిదేముందే?"

"ఆగి ఉన్నప్పుడు దుమ్ము తుడుస్తాను. నడుస్తుంటే ఎప్పుడూ చూడలేదు."

ఆయన నిజంగానే నివ్వెరపోయాడు. "అయ్యో పిచ్చిదానా, చెప్పొద్దూ! సరే, ఈ ఒక్కసారికి వెనకే కానిచ్చెయ్. కమిటీ వాళ్లు వెళ్లాక ఒక రోజు తీరిగ్గా..."

"గార్డు అన్నయ్యని కూర్చోబెట్టండి వెనక."

ఆయన పకపకా నవ్వాడు. "వాడా! వాడి పొట్ట పడుతుందా అందులో? ఆ సందు నీ కొలతకే చేశానే. మొట్టమొదట బల్ల గీసుకున్న రోజునే, నువ్వు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే టేపు పెట్టి నీ భుజాలు కొలిచాను. నువ్వు తప్ప ఇంకెవరూ పట్టరు" అన్నాడు ప్రేమగా. ప్రేమగానే అన్నాడు, అందులో అబద్ధం లేదు.

ఆమె సీసా మూత బిగించింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తెచ్చిన చెప్పులు ఒక్క జత ఆమె కాలికి పట్టలేదు. "నాకేం తెలుసే నీ కొలతలు" అనేవాడు. ఆమె ఒంటి మీద ఆయన తీసిన కొలత ఇదొక్కటే, అదీ ఆమెని ఎక్కడ పెడితే కనపడదో చూసుకోవడానికి. ఇన్నాళ్లూ ఆమె ఒక మాట చెప్పుకుని ఊరడిల్లుతూ వచ్చింది. పాపం, ఆయనకి పనిలో పడితే ఒళ్లు తెలీదు, నేనున్నానన్న సంగతే మర్చిపోతాడు అని. మర్చిపోతే క్షమించొచ్చు. కానీ ఆయన మర్చిపోలేదు. ఒక్క పట్టా వేయకముందే, ఒక్క ఇల్లు కట్టకముందే, ఆ వెనక తను కూర్చుంటుందని అంగుళాలతో సహా లెక్క వేసుకున్నాడు. అడగాలని మాత్రం తోచలేదు. గోడని అడుగుతామా, బల్లని అడుగుతామా?

ఆదివారం పొద్దున ఆయన గడ్డం గీసుకుని గదిలోకి వచ్చేసరికి ఆకాశం పక్కగోడకి చేరేసి ఉంది. బల్ల కూడా గోడకి ఎడంగా ఇవతలికి జరిగి ఉంది. ఆమె స్క్రూ డ్రైవరు తుడుస్తోంది.

"ఏం చేశావే! వాళ్లొచ్చే వేళయింది!"

"తెలుసు. మరలన్నీ గిన్నెలో వేశాను, పోవు లెండి."

"వెనకదంతా కనపడిపోతోంది! స్టూలూ, సీసాలూ, చెంచాలూ... అందం సగం పోయింది."

"నేను కనపడితే పోయే అందమైతే పోనివ్వండి."

ఆయన విసురుగా ఆకాశాన్ని ఎత్తుకుని బల్ల వెనక్కి వెళ్లాడు. వెళ్లినవాడు అలాగే నిలబడిపోయాడు. తర్వాత చెక్కని కింద పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. అట్ట ఇళ్లకి తలుపులొచ్చాయి, దొడ్లొచ్చాయి. తీగ మీద బట్టలున్నాయి.

"ఈ గుమ్మంలో డబ్బా పట్టుకుని నించున్నదెవరే?"

"మీ అమ్మ. ఆ పక్కింటి తొట్టి దగ్గర మా అమ్మ."

"ఈ చంటిపిల్లని ఎత్తుకున్నది?"

"నేను. లోపల మీరు పడుకున్నారు."

"వెనక ఉంటే... నేను చూడనే లేదే" అన్నాడు. చూడలేదని ఆమెకీ తెలుసు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఆమెకి జాలేసింది, ఆ జాలికి లొంగిపోతానేమోనని భయమూ వేసింది. భయపడ్డట్టే ఆయన లేచి, "చాలా బావుందే. వాళ్లు వెళ్లాక అందరికీ చూపిద్దాం. ఇప్పటికి మాత్రం ఆకాశం పెట్టేస్తా, ఈ ఒక్కసారికి" అన్నాడు. ఆమె గిన్నె తీసి ఒళ్లో పెట్టుకుంది. ఈలోగా వీధి తలుపు చప్పుడైంది.

కమిటీ వాళ్లు వచ్చారు, మిత్రులు వచ్చారు, అందరూ ఆకాశం లేని లోయని చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె వెనక స్టూలు మీద కూర్చుంది. ఫోను మాస్టారు బెరుగ్గా, "గనీ, బండి సిద్ధమా?" అన్నాడు. "సిద్ధం అన్నయ్యా" అంది. ఎవరూ నవ్వలేదు. బండి వెళ్లింది, ఒలికింది, ఖాళీ బండి తిరిగొచ్చింది. ఆమె సొరుగు కోసం బల్ల కిందకి వెళ్లడం, రావడం, చెంచాతో నింపడం అందరూ కళ్లారా చూశారు. ఆఫీసరు ఆశ్చర్యపోయాడు. "మొన్న ఏదో ఏర్పాటన్నారు?"

ఆయన తల దించుకున్నాడు. తర్వాత, ఆయన గొప్పతనం కాదనకూడదు, తలెత్తి చెప్పాడు. "మా ఆవిడేనండీ. బండి నింపేది ఆవిడే. ఆకాశం ఆవిడే వేసింది. చెట్లు, నది... ఆ ఇళ్ల వెనకదంతా ఆవిడే. ఒక్కడినే చేశానన్నది తప్పు." కమిటీలో పెద్దాయన లేచి ఆమెకి నమస్కారం పెట్టాడు. దాచడమెందుకు, ఆమెకి ఎంతో సంతోషమేసింది. ఇన్నేళ్ల నొప్పి మోకాళ్లలోంచి దిగిపోయినట్టనిపించింది.

"అయితే మ్యూజియంలో ఇది నడవాలంటే, వెనక రోజూ ఒక మనిషి ఉండాలన్నమాట" అన్నాడు ఆఫీసరు ఆలోచిస్తూ.

"దానికేముందండీ!" అన్నాడు ఆయన, మొహం వెలిగిపోతుండగా. "మా ఆవిడ వస్తుంది. ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తుంది?"

"చెల్లెమ్మ ఉండగా లోటేముంది" అన్నాడు కొలిమి అన్నయ్య. అందరూ తలలూపారు. పెద్దాయన కూడా ఊపాడు.

ఆమె చెంచా పక్కన పెట్టింది. "నేను రానండీ" అంది ఆఫీసరుతో. గొంతు పెంచలేదు. "మనిషి కావాలంటే జీతమిచ్చి మనిషిని పెట్టుకోండి. ఇవాళ కూడా ఇక నింపను. నాకు చూడాలనుంది."

స్టూలు మీంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి ముందుకి వచ్చి, వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఖాళీ బండి వెనక అలాగే ఆగి ఉంది. ఫోను మాస్టారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎవరిని పిలవాలో తెలీక దిక్కులు చూశాడు.

"ఇప్పుడు బండి ఎవరు నింపుతారే?" అన్నాడు ఆయన, దాదాపు బతిమాలుతున్నట్టు.

"సందు లేదుగా. ఎవరైనా పడతారు."

ఆయన మిత్రుల వంక చూశాడు. వాళ్లు పట్టాల వంక చూశారు. చివరికి ఆయనే వెనక్కి నడిచి, మోకాళ్లు పటపటమంటుండగా ఆ పొట్టి స్టూలు మీద కూలబడ్డాడు. సీసా మూత తీశాడు. అటూ ఇటూ వెతికాడు.

"చెంచా ఎక్కడుందే?"

"మీ ఎదురుగానే ఉంది."

ఆమె కుర్చీని కాస్త ముందుకి జరుపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, పట్టాల మలుపు వైపు చూస్తూ కూర్చుంది. బండి ఇంకా రాలేదు. ఆమెకి తొందరేమీ లేదు.